జె.ఆర్‌.డి. టాటా: పోటీకి, పొత్తుకు మధ్య గీత గీసిన వైమానికుడు

దేశంలో ఎన్ని విమానయాన సంస్థలు మనగలవు, అవి ఒకదానితో ఒకటి పోటీ పడాలా లేక పొత్తు కుదుర్చుకోవాలా అన్న చర్చ ఈనాటిది కాదు. స్వాతంత్య్రానికి పూర్వమే మొదలైన ఈ చర్చకు ఆరు దశాబ్దాలపాటు కేంద్ర బిందువుగా నిలిచిన వ్యక్తి జహంగీర్‌ రతన్‌జీ దాదాభాయ్‌ టాటా. లైసెన్సులు విచ్చలవిడిగా మంజూరు చేస్తే సంస్థలన్నీ నష్టాల ఊబిలో కూరుకుపోతాయని ఆయన చేసిన హెచ్చరిక అక్షరాలా నిజమైంది. అయితే ఆ సంక్షోభానికి పరిష్కారంగా ప్రభుత్వం ఎంచుకున్న మార్గం ఆయన స్వయంగా పెంచి పెద్దచేసిన సంస్థనే ఆయన యాజమాన్యం నుంచి తప్పించింది. 1993లో కన్నుమూసిన ఈ పారిశ్రామికవేత్త వైమానిక జీవితం యావత్తూ ఈ వైచిత్రి చుట్టూనే పరిభ్రమించింది.

పారిస్‌ నుంచి బొంబాయికి

జె.ఆర్‌.డి. 1904 జూలై 29న పారిస్‌లో జన్మించారు. తండ్రి రతన్‌జీ దాదాభాయ్‌ టాటా, జంషెడ్‌జీ టాటాకు బంధువు, వ్యాపార భాగస్వామి. తల్లి సుజాన్‌ ఫ్రెంచి మహిళ. ఉత్తర ఫ్రాన్స్‌లోని సముద్రతీర గ్రామం ఆర్దెలోలో టాటా కుటుంబానికి ఒక వేసవి విడిది ఉండేది. ఇంగ్లిష్‌ చానెల్‌ను తొలిసారి విమానంలో దాటిన లూయీ బ్లెరియో ఆ ఊళ్లో వారికి ఇరుగుపొరుగు. ఇసుక తిన్నెలపై దిగే విమానాలను చూస్తూ పెరిగిన ఆ బాలుడు పదిహేనో ఏట తొలిసారి విమానమెక్కాడు. ఏనాటికైనా తాను పైలట్‌ను కావాలన్న సంకల్పం ఆనాడే ఏర్పడింది.

ఫ్రెంచి సైన్యంలో కొంతకాలం పనిచేసిన అనంతరం 1925లో ఆయన టాటా సంస్థలో జీతం లేని శిక్షణార్థిగా చేరారు. మరుసటి ఏడాది తండ్రి మరణించడంతో కుటుంబ బాధ్యత ఆయనపై పడింది. 1929లో ఫ్రెంచి పౌరసత్వాన్ని వదులుకున్నారు. అదే సంవత్సరం ఫిబ్రవరి 10న భారతదేశంలో జారీ అయిన తొలి పైలట్‌ లైసెన్సును అందుకున్నారు.

పోటీ విషయంలో ఆయన వైఖరి ఎలాంటిదో 1930లో జరిగిన ఒక సంఘటన తెలియజేస్తుంది. భారత్‌, ఇంగ్లండ్‌ల మధ్య ఒంటరిగా విమానం నడిపే తొలి భారతీయునికి ఆగాఖాన్‌ బహుమతి ప్రకటించారు. జె.ఆర్‌.డి. కరాచీ నుంచి బయలుదేరగా, యువకుడైన ఆస్పీ ఇంజనీర్‌ ఇంగ్లండ్‌ నుంచి బయలుదేరారు. ఈజిప్టులోని అబూకిర్‌లో ఇద్దరూ తారసపడ్డారు. స్పార్క్‌ ప్లగ్‌ పాడై ఆస్పీ అక్కడ చిక్కుబడి ఉన్నారు. జె.ఆర్‌.డి. తన వద్దనున్న అదనపు ప్లగ్‌ను ఆయనకిచ్చారు. కొద్ది గంటల తేడాతో బహుమతి ఆస్పీకే దక్కింది. ఆ ఆస్పీ ఇంజనీర్‌ ఆ తరువాత భారత వైమానిక దళాధిపతి అయ్యారు. ప్రత్యర్థి దారిలో ఆగిపోతే లభించే గెలుపు గెలుపు కాదన్నది జె.ఆర్‌.డి. ఆచరణలో చూపిన నీతి.

టపా సంచులతో తొలి ప్రయాణం

విమానయానాన్ని వ్యాపారంగా చేపట్టాలన్న ఆలోచనతో 1929లో టాటాలను ఆశ్రయించినవారు బ్రిటిష్‌ వైమానిక దళ మాజీ పైలట్‌ నెవిల్‌ విన్సెంట్‌. లండన్‌ నుంచి ఇంపీరియల్‌ ఎయిర్‌వేస్‌ విమానాలు అప్పటికి కరాచీ వరకే టపా తెచ్చేవి. అక్కడి నుంచి బొంబాయి, మద్రాసులకు టపాను విమానంలో చేరవేయాలన్నది ఆయన ప్రతిపాదన. టాటా సంస్థల అధిపతి సర్‌ దొరాబ్‌జీ టాటా తొలుత విముఖత చూపినా, సహచరుల నచ్చజెప్పడంతో రెండు లక్షల రూపాయల పెట్టుబడికి అంగీకరించారు. ప్రభుత్వంతో మూడేళ్లపాటు ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచిన మీదట 1932లో ఒప్పందం కుదిరింది. ప్రభుత్వ సబ్సిడీ లేదు. చేరవేసిన టపా బరువును బట్టి చెల్లింపు మాత్రమే ఉంటుంది.

1932 అక్టోబర్‌ 15 ఉదయం జె.ఆర్‌.డి. ఒక చిన్న పుస్‌ మాత్‌ విమానంలో టపా సంచులు వేసుకొని కరాచీ నుంచి బయలుదేరారు. అహ్మదాబాద్‌లో ఇంధనం డబ్బాలు ఎడ్లబండిపై వచ్చాయి. మధ్యాహ్నానికి విమానం బొంబాయిలోని జుహూ మైదానంలో దిగింది. అక్కడి నుంచి బళ్లారి మీదుగా మద్రాసు వరకు టపాను విన్సెంట్‌ తీసుకువెళ్లారు. భారత వాణిజ్య విమానయాన చరిత్రకు అదే శ్రీకారం. జుహూలో కార్యాలయమంటే తాటాకుల కప్పు వేసిన పాక. వర్షాకాలంలో మైదానం నీట మునగగా, సంస్థ తన మకాంను పూనాకు మార్చుకోవలసి వచ్చేది. ఇన్ని ఇబ్బందుల మధ్య కూడా టపా వేళకు చేర్చడంలో సంస్థ మంచి పేరు తెచ్చుకొంది. మొదటి ఏడాది 155 మంది ప్రయాణికులను, పది టన్నులకు పైగా టపాను చేరవేసి, 60 వేల రూపాయల లాభం ఆర్జించింది.

అయితే దేశాన్ని అడ్డంగా దాటే కరాచీ-కలకత్తా-సింగపూర్‌ ప్రధాన మార్గం టాటాలకు దక్కలేదు. ఇంపీరియల్‌ ఎయిర్‌వేస్‌, ఇండియన్‌ నేషనల్‌ ఎయిర్‌వేస్‌, భారత ప్రభుత్వం వాటాదారులుగా 1933లో ఏర్పడిన ఇండియన్‌ ట్రాన్స్‌కాంటినెంటల్‌ ఎయిర్‌వేస్‌ ఆ మార్గాన్ని చేజిక్కించుకుంది. సగానికి పైగా వాటా బ్రిటిష్‌ సంస్థదే. పొత్తు పేరుతో బలవంతుడు ఎదుటివాని మార్గాన్ని ఎలా కైవసం చేసుకోగలడో ఆనాడే టాటాలకు తెలిసివచ్చింది. 1938లో జె.ఆర్‌.డి. 34వ ఏట టాటా సన్స్‌ అధ్యక్షులయ్యారు. 1942లో విన్సెంట్‌ ప్రయాణిస్తున్న యుద్ధ విమానం అదృశ్యమై, ఆయన మరణించారు. సంస్థ భారం పూర్తిగా జె.ఆర్‌.డి.పై పడింది.

లైసెన్సుల వెల్లువ

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి దేశంలో పరిస్థితి మారిపోయింది. అమెరికా సైన్యం వదిలిపెట్టిన డకోటా విమానాలు కారుచౌకగా లభించాయి. విమాన సంస్థ పెడితే చాలు కనకవర్షం కురుస్తుందన్న భ్రమ వ్యాపారవర్గాల్లో వ్యాపించింది. 1946లో ఏర్పాటైన విమాన రవాణా లైసెన్సింగ్‌ బోర్డు వరుసగా అనుమతులు మంజూరు చేసింది. స్వల్పకాలంలోనే పదికి పైగా కంపెనీలు రంగంలోకి దిగాయి. అదే సంవత్సరం టాటా ఎయిర్‌లైన్స్‌ పబ్లిక్‌ లిమిటెడ్‌ కంపెనీగా మారింది. కొత్త పేరు కోసం ఉద్యోగుల అభిప్రాయం సేకరించగా ఎయిర్‌ ఇండియా అన్న పేరుకు మొగ్గు లభించింది.

జె.ఆర్‌.డి. వాదన స్పష్టమైనది. ప్రయాణికుల సంఖ్య పరిమితం. ఇంధనంపై పన్ను భారం అధికం. ఇటువంటి మార్కెట్‌లో సంస్థల సంఖ్య పెరిగితే ఒక్కొక్క విమానంలో నిండే సీట్లు తగ్గుతాయే తప్ప ప్రయాణికులు పెరగరు. నష్టాలను పూడ్చుకునేందుకు నిర్వహణ వ్యయంలో కోత పెడితే భద్రతకే ముప్పు. ప్రత్యర్థులు దీనిని గుత్తాధిపత్యం కోరేవారి వాదనగా కొట్టిపారేశారు. ఆ విమర్శలో కొంత వాస్తవం లేకపోలేదు. అప్పటికి దేశంలో అతి పెద్ద విమాన సంస్థ టాటాలదే గనుక, కొత్తవారి రాకను అడ్డుకుంటే లబ్ధి పొందేది కూడా వారే.

వివాదం 1949లో పరాకాష్ఠకు చేరింది. అప్పటి కమ్యూనికేషన్ల మంత్రి రఫీ అహ్మద్‌ కిద్వాయ్‌ రాత్రివేళ విమాన టపా పథకాన్ని ప్రారంభించారు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి రాత్రి బయలుదేరిన విమానాలు నాగపూర్‌లో కలుసుకొని, టపాను, ప్రయాణికులను మార్చుకొని తెల్లవారేసరికి తిరిగి తమ నగరాలకు చేరేవి. రాత్రి దిగేందుకు అవసరమైన పరికరాలు విమానాశ్రయాల్లో లేవని జె.ఆర్‌.డి. అభ్యంతరం తెలిపారు. మంత్రికీ, పారిశ్రామికవేత్తకూ నడుమ వాదప్రతివాదాలు పత్రికలకెక్కాయి. పథకం మాత్రం జనాదరణ పొందింది. ఒక నగరంలో అన్ని విమానాలూ కలుసుకొని ప్రయాణికులను మార్చుకునే పద్ధతి ఆ తరువాత ప్రపంచవ్యాప్తంగా పెద్ద సంస్థలన్నీ అనుసరించినదే. ఈ ఒక్క అంశంలో కాలం కిద్వాయ్‌ పక్షాన నిలిచిందని చెప్పక తప్పదు.

సంస్థల సంఖ్య విషయంలో మాత్రం జె.ఆర్‌.డి. అంచనాయే నిజమైంది. 1949లోనే అంబికా ఎయిర్‌లైన్స్‌, జూపిటర్‌ ఎయిర్‌వేస్‌ మూతపడ్డాయి. జస్టిస్‌ రాజాధ్యక్ష అధ్యక్షతన నియమితమైన విచారణ సంఘం 1950లో నివేదిక సమర్పిస్తూ, దేశంలో విమాన సంస్థలు అవసరానికి మించి ఉన్నాయని నిర్ధారించింది. వాటిని విలీనాల ద్వారా నాలుగుకు కుదించాలని సూచించింది. జాతీయం చేయడానికి అది తగిన సమయం కాదని కూడా అభిప్రాయపడింది.

సర్కారు చేతికి

కాగా, ప్రైవేటు సంస్థలు తమంతట తాము విలీనానికి ముందుకు రాలేదు. పాత డకోటాల స్థానంలో కొత్త విమానాలు కొనే స్తోమత వాటిలో ఎక్కువ సంస్థలకు లేదు. దీనితో 1953లో పార్లమెంటు ఎయిర్‌ కార్పొరేషన్ల చట్టాన్ని ఆమోదించింది. అదే ఏడాది ఆగస్టు 1 నుంచి ఎనిమిది దేశీయ సంస్థలు ఇండియన్‌ ఎయిర్‌లైన్స్‌గా ఏకమయ్యాయి. హైదరాబాద్‌లోని బేగంపేట కేంద్రంగా నిజాం ప్రభుత్వ అండదండలతో ఆరంభమైన దక్కన్‌ ఎయిర్‌వేస్‌ కూడా ఆ ఎనిమిదింటిలో ఒకటి. విదేశీ సర్వీసులు నడిపే ఎయిర్‌ ఇండియా ఇంటర్నేషనల్‌ వేరొక కార్పొరేషన్‌గా మారింది.

ఈ ఎయిర్‌ ఇండియా ఇంటర్నేషనల్‌ కథ వేరు. 1948లో జె.ఆర్‌.డి. ప్రతిపాదన మేరకు ప్రభుత్వం 49 శాతం వాటాతో, టాటాలు, ప్రజలు మిగిలిన వాటాలతో నెలకొల్పిన ఉమ్మడి సంస్థ అది. ప్రభుత్వం, ప్రైవేటు రంగం చేయి కలిపిన తొలి ప్రయోగాల్లో అదొకటి. 1948 జూన్‌ 8న మలబార్‌ ప్రిన్సెస్‌ అనే కాన్‌స్టెలేషన్‌ విమానం కైరో, జెనీవాల మీదుగా లండన్‌కు బయలుదేరినప్పుడు జె.ఆర్‌.డి. అందులో ప్రయాణించారు. చక్కగా నడుస్తున్న ఆ భాగస్వామ్యాన్ని కూడా జాతీయం చేయడం ఆయనను తీవ్రంగా బాధించింది. తమతో సంప్రదించకుండానే నిర్ణయం తీసుకున్నారన్నది ఆయన ఆవేదన. అయినా ప్రధాని నెహ్రూ ప్రభుత్వ ఆహ్వానాన్ని మన్నించి, విదేశీ సర్వీసుల కార్పొరేషన్‌ అధ్యక్ష పదవిని జీతం లేకుండానే స్వీకరించారు. తానే తప్పుకుంటే సంస్థ ప్రమాణాలు దిగజారతాయన్న భయమే ఆయన చేత ఆ పని చేయించింది.

ప్రత్యర్థులతో పద్దు

విదేశీ మార్గాల్లో ఎయిర్‌ ఇండియాకు ఎదురైనవి సామాన్య సంస్థలు కావు. బ్రిటన్‌కు చెందిన బి.ఓ.ఎ.సి., అమెరికాకు చెందిన పాన్‌ అమెరికన్‌, టి.డబ్ల్యు.ఎ. అప్పటికే ఖండాంతర మార్గాలను ఏలుతున్నాయి. విమానాల సంఖ్యలోనూ, పెట్టుబడిలోనూ వాటితో తులతూగే శక్తి భారత సంస్థకు లేదు. అమెరికా సంస్థలు అవసరానికి మించి సీట్లు దింపుతున్నాయన్న కారణంగా భారత్‌ 1946 నాటి ద్వైపాక్షిక ఒప్పందాన్ని రద్దు చేసుకొని, 1956లో అమెరికాతో కొత్త ఒప్పందం కుదుర్చుకోవలసి వచ్చింది.

ఈ నేపథ్యంలో జె.ఆర్‌.డి. రెండంచెల విధానం అనుసరించారు. ప్రయాణికులు తక్కువగా ఉన్న సుదూర మార్గాల్లో పొత్తు, విమానం లోపల అందించే సేవలో రాజీలేని పోటీ. 1958-59లో అంతర్జాతీయ విమాన రవాణా సంఘానికి ఆయన అధ్యక్షత వహించారు. ఛార్జీలను ఆ రోజుల్లో ఆ సంఘం సమావేశాల్లోనే సభ్య సంస్థలు నిర్ణయించేవి. ధరలో పోటీకి తావు లేనందున, ప్రయాణికుణ్ణి ఆకట్టుకునే మార్గం సేవ ఒక్కటే అయింది.

1960లో ఎయిర్‌ ఇండియా, బి.ఓ.ఎ.సి., ఆస్ట్రేలియాకు చెందిన క్వాంటాస్‌ల మధ్య త్రైపాక్షిక భాగస్వామ్యం అమలులోకి వచ్చింది. లండన్‌, బొంబాయి, సిడ్నీల మార్గంలో ఒకే రోజు, ఒకే వేళకు మూడు సంస్థల విమానాలూ సగం ఖాళీగా ఎగరడానికి బదులు, రోజులు పంచుకొని నడుపుతాయి. రాబడిని ఒకే పద్దులో వేసి, ముందుగా అంగీకరించిన నిష్పత్తిలో పంచుకుంటాయి. ప్రయాణికునికి వారంలో ఎక్కువ రోజులు సర్వీసు దొరుకుతుంది. చిన్న సంస్థకు పెద్ద సంస్థ టికెట్‌ కార్యాలయాల అండ లభిస్తుంది. ఒక సంస్థ విమానంలోని సీట్లను మరొక సంస్థ తన సొంత సర్వీసు నంబరుతో విక్రయించే కోడ్‌షేర్‌ పద్ధతి ఆ తరువాతి దశాబ్దాల్లో వచ్చింది. మొదటిది రాబడిని పంచుకోవడం, రెండవది సీట్లను పంచుకోవడం. ఖాళీ విమానం ఎవరికీ లాభం కాదన్న మూలసూత్రం మాత్రం రెండింటికీ ఒకటే.

పొత్తులో ఒక ప్రమాదం లేకపోలేదు. వాటా ఎలాగూ వస్తుంది గనుక బలహీన భాగస్వామి సోమరి కావచ్చు. ఆ జాడ్యం అంటకుండా జె.ఆర్‌.డి. నిరంతరం కాపు కాశారు. ప్రయాణించిన ప్రతిసారీ లోపాలను కాగితంపై రాసుకొని అధికారులకు పంపేవారు. కాఫీ రంగు, తెరల అతుకులు, సిబ్బంది వేషధారణ, ఏదీ ఆయన దృష్టిని తప్పించుకునేది కాదు. మురికిగా ఉన్న కౌంటర్‌ను చూసి స్వయంగా గుడ్డ తీసుకొని తుడిచిన సందర్భాన్ని నాటి ఉద్యోగులు చాలాకాలం చెప్పుకున్నారు. 1946లో బాబీ కూకా, చిత్రకారుడు ఉమేశ్‌ రావుల చేతుల్లో రూపుదిద్దుకున్న మహారాజా బొమ్మ ఆ ఆతిథ్యానికి ప్రతీక అయింది. 1960 మేలో ఎయిర్‌ ఇండియా బోయింగ్‌ 707 జెట్‌తో న్యూయార్క్‌కు సర్వీసు ప్రారంభించింది. 1962 జూన్‌లో ప్రపంచంలోనే తొలి పూర్తి జెట్‌ విమానాల సంస్థగా గుర్తింపు పొందింది.

ఉద్వాసన

1978 జనవరి 1న ఎంపరర్‌ అశోక జంబో విమానం బొంబాయి తీరంలో సముద్రంలో కూలి 213 మంది మరణించారు. ఆ విషాదం నుంచి సంస్థ తేరుకోకమునుపే, ఫిబ్రవరిలో మొరార్జీ దేశాయ్‌ ప్రభుత్వం జె.ఆర్‌.డి.ని అధ్యక్ష పదవి నుంచి తొలగించింది. 25 ఏళ్లు జీతం తీసుకోకుండా పనిచేసిన వ్యక్తికి ఈ వార్త ముందుగా ప్రభుత్వం నుంచి గాక, ఆయన స్థానంలో నియమితులైన మాజీ వైమానిక దళాధిపతి పి.సి. లాల్‌ ద్వారా తెలిసింది. 1980లో ఇందిరాగాంధీ ప్రభుత్వం ఆయనను తిరిగి డైరెక్టర్‌గా నియమించినా, అధ్యక్ష పదవి అప్పగించలేదు.

1982 అక్టోబర్‌ 15న తన 78వ ఏట జె.ఆర్‌.డి. పాతకాలపు లెపర్డ్‌ మాత్‌ విమానాన్ని కరాచీ నుంచి బొంబాయికి ఒంటరిగా నడిపి, తొలి ప్రయాణపు స్వర్ణోత్సవాన్ని జరుపుకున్నారు. ఆయన బయలుదేరిన కరాచీ అప్పటికి పరాయి దేశపు నగరం. 1992లో ప్రభుత్వం ఆయనను భారతరత్నతో గౌరవించింది. 1993 నవంబర్‌ 29న జెనీవాలో తుదిశ్వాస విడిచిన ఆయనను పారిస్‌లోని పేర్‌ లషేజ్‌ శ్మశానవాటికలో ఖననం చేశారు.

మళ్లీ మొదటికి

ఆయన మరణించిన మరుసటి ఏడాదే, 1994లో, ఎయిర్‌ కార్పొరేషన్ల చట్టం రద్దయింది. విమానయాన రంగం ప్రైవేటు సంస్థలకు తిరిగి తెరుచుకుంది. 1940ల నాటి కథే మళ్లీ మొదలైంది. ఈస్ట్‌ వెస్ట్‌, దమానియా, మోదీలుఫ్త్‌ వంటి సంస్థలు కొద్ది సంవత్సరాల్లోనే కనుమరుగయ్యాయి. కింగ్‌ఫిషర్‌ 2012లోనూ, జెట్‌ ఎయిర్‌వేస్‌ 2019లోనూ నేలకు దిగాయి. సింగపూర్‌ ఎయిర్‌లైన్స్‌తో కలసి దేశీయ సంస్థ నెలకొల్పాలని టాటాలు 1990లలో చేసిన ప్రయత్నం విదేశీ విమాన సంస్థల పెట్టుబడిపై నిషేధం కారణంగా ఫలించలేదు. 2012లో ఆ నిబంధన సడలిన తరువాతే ఆ రెండు సంస్థల ఉమ్మడి విస్తారా 2015 జనవరిలో ఎగిరింది.

సర్కారు ఆధ్వర్యంలోని ఎయిర్‌ ఇండియా మాత్రం పొత్తులోని సులువు మార్గానికి అలవాటు పడింది. తన వాటా సర్వీసులను తాను నడపకుండా, ఆ హక్కులకు బదులుగా విదేశీ సంస్థల నుంచి వాణిజ్య ఒప్పందాల కింద సొమ్ము పుచ్చుకోవడం కొన్నేళ్లు ఆదాయమార్గమైంది. ఈలోగా గల్ఫ్‌ సంస్థలు హైదరాబాద్‌ సహా భారత నగరాల ప్రయాణికులను తమ విమానాశ్రయాల మీదుగా ఐరోపా, అమెరికాలకు చేరవేసే స్థాయికి ఎదిగాయి. వాటిలో అగ్రగామి అయిన ఎమిరేట్స్‌ 1985లో పాకిస్తాన్‌ ఇంటర్నేషనల్‌ ఎయిర్‌లైన్స్‌ నుంచి అద్దెకు తీసుకున్న విమానాలతో తొలి సర్వీసును కరాచీకి నడిపింది. జె.ఆర్‌.డి. ప్రస్థానం ప్రారంభమైన నగరం కూడా అదే కావడం గమనార్హం.

2014లో ఎయిర్‌ ఇండియా స్టార్‌ అలయన్స్‌ కూటమిలో చేరింది. 2022 జనవరి 27న 18 వేల కోట్ల రూపాయల విలువతో తిరిగి టాటాల పరమైంది. ఈ మొత్తంలో నగదు 2,700 కోట్లే, మిగిలినది అప్పుల బాధ్యత. 2024 నవంబర్‌లో విస్తారా అందులో విలీనమైంది. ఒకప్పుడు ప్రత్యర్థి అయిన సింగపూర్‌ ఎయిర్‌లైన్స్‌ 25.1 శాతం వాటాతో భాగస్వామి అయింది. రెండు సంస్థలూ కోడ్‌షేర్‌ ఒప్పందాన్ని విస్తరించుకున్నాయి.

జె.ఆర్‌.డి. జీవితం నుంచి పరిశ్రమ గ్రహించవలసిన పాఠం ఇక్కడే ఉంది. సంస్థల సంఖ్యను అదుపు చేయాలన్న ఆయన వాదన చివరకు ఒకే సంస్థ రాజ్యానికి దారితీసింది. ఆ గుత్తాధిపత్యం తొలగాక సంఖ్య పెరిగి, తిరిగి పతనాలకు దారితీసింది. ఈ రెండు కొసల మధ్య ఆయన పాటించిన మార్గం ఒక్కటే. సీటును పంచుకోవచ్చు, రాబడిని పంచుకోవచ్చు, చివరకు స్పార్క్‌ ప్లగ్‌ను కూడా పంచుకోవచ్చు. ప్రయాణికుని పట్ల తన బాధ్యతను మాత్రం మరొకరికి అప్పగించరాదు.